అది లేసినాక నన్ను లేపు

ముందు పోయినవాటి లెక్క చెబుతాను.

ఉదయాలు ఇరవై నాలుగు. మొదటి ఇరవై మూడు ఉదయాల్లో రోజుకు సగటున 14 నిమిషాల చొప్పున 322 నిమిషాలు. చివరి ఉదయం ఒక్కటే 22 నిమిషాలు. మొత్తం 344. ఒక కీబోర్డు. పదహారు వరసలున్న ఒక ఎక్కం. మా నాయన.

మూడుసార్లు కూడి చూశాను. తప్పు లేదు.

నేను దయ్యాలను నమ్మే మనిషిని కాను. ఇరవై ఆరేళ్లుగా టింబర్ డిపోలో దుంగలు కొలుస్తున్నాను. చుట్టుకొలత, పొడవు, ఘనపు అడుగులు. ఒకసారి చంద్రగిరి దగ్గర ఒక చింతచెట్టు మీద ఏదో ఉందని కూలీలు గొడ్డలి ముట్టకపోతే, ముందు నేనే టేపు తీసుకుని వెళ్లి దాని మొదలు కొలిచి సుద్దతో గుర్తు పెట్టి వచ్చాను. నాకేమీ కాలేదు. పదో తరగతితో చదువు ఆగిపోయినా లెక్కలు నాకు నేనే నేర్చుకున్నాను. కంప్యూటర్లో గడుల కాగితం మీద లెక్కలు వేయడం కూడా నలభై దాటాక ఎవరినీ అడక్కుండా నేర్చుకున్నదే. ఇదంతా గొప్ప కోసం చెప్పడం లేదు. కింద రాసేది కళ్లు మూసుకుని నమ్మేవాడు రాసింది కాదని తెలియడానికి చెబుతున్నాను.

మా నాయన చిత్తూరులో ఒక ధాన్యం మండీలో కొలగాడు. అంటే పడితో గింజలు కొలిచి, పైకి లెక్క చెప్పే మనిషి. ఆయన కొలత పాటలాగా ఉండేది. మొదటి పడిని ఒకటి అనకుండా లాభం అనేవాడు. లాభం, రెండు, మూడు, నాలుగు, అయిదు, ఆరు. ఆ తర్వాతది ఏడు అనేవాడు కాదు. ఆరున్నొకటి అనేవాడు. తర్వాత ఎనిమిది. మా పక్క పాత కొలగాళ్లందరికీ ఉండే అలవాటే అది. కానీ మా నాయన మండీ బయట కూడా ఏడు అని పలకడం నేను వినలేదు. చిన్నప్పుడు ఎందుకని అడిగితే, "గింజల ముందర ఏడవకూడదురా" అన్నాడు. మరి ఇక్కడ గింజలు లేవు కదా అంటే, "నోటికి తెలీదు గదరా యాడుండాయో యాడ లేవో" అన్నాడు.

ఆయన దగ్గర ఇంకొకటి ఉండేది. భిన్నాల ఎక్కాలు. కౌలుకూ, కూలికీ, వాటాలకూ గింజలు పంచేటప్పుడు రూపాయికి అణాల్లాగా అంతా పదహారు భాగాల లెక్క. పదహారో భాగం వీసం. రెండు వీసాలు అరకాలు. నాలుగు వీసాలు కాలు. ఎనిమిది అర. పన్నెండు ముక్కాలు. ఒక్కో అంకెకూ పదహారు వరసలు. అంకెలు పదహారు. మొత్తం 256 వరసలు ఆయన నోట్లో ఉండేవి. ఎక్కడా రాసి లేవు. మండీలో ఆయన తర్వాత ఎలక్ట్రానిక్ కాటా వచ్చింది కాబట్టి ఎవరికీ అవసరం పడలేదు.

ఎనభై దాటాక నాయనకు మతి తప్పడం మొదలైంది. పగలంతా నన్ను తన తమ్ముడనుకునేవాడు. అయితే ఉదయం కాఫీ తాగిన తర్వాత ఇరవై అయిదు నిమిషాలు, ఇంచుమించుగా, ఆయన ఆయనలాగే ఉండేవాడు. నన్ను పేరు పెట్టి పిలిచేవాడు. ఎక్కాలు అడిగితే తడుముకోకుండా చెప్పేవాడు. ఆ తర్వాత కునుకు పట్టేది. లేచేసరికి నేను మళ్లీ ఆయన తమ్ముణ్ణి.

కాబట్టి నా దగ్గర ఉన్నవి రోజుకు ఇరవై అయిదు నిమిషాలు. ఇది అర్థమైతే మిగతాదంతా అర్థమవుతుంది.

ఆ ఇరవై అయిదులో పద్నాలుగు నిమిషాలు మా ఇంట్లో కంప్యూటర్ తినేసేది. ముందే ఆన్ చేసి ఉంచితే, నాయన కాఫీ తాగేలోపు బిగుసుకుపోయి మళ్లీ ఆన్ చేయాల్సి వచ్చేది. మీట నొక్కితే మూడు నిమిషాలు నల్లగా. ఆ తర్వాత చుక్కలు గుండ్రంగా తిరుగుతాయి. ఆ తర్వాత బొమ్మ వస్తుంది, దాని మీద ఏది నొక్కినా కదలదు. అప్పటికి నాయన కాఫీ గ్లాసు కింద పెట్టేసేవాడు.

"ఏమిరా రత్నమా, నీ పెట్టి లేసిందా?"

"లేస్తా ఉండాది నాయనా."

"నేను లేసినా, మొగం కడుక్కున్నా, కాఫీ తాగినా. అది ఇంకా పండుకోనే ఉండాది. అమ్మా సుగుణా, దానిక్కూడా రొంత కాఫీ పొయ్యి."

సుగుణ నా భార్య. ఆమె నవ్వేది. నాకు మాత్రం మండిపోయేది.

తీరా లేచాక ఇంకో బాధ. కీబోర్డు పలికేది కాదు. అయిదారు వరసలు బాగా కొట్టేవాణ్ణి. ఉన్నట్టుండి అక్షరాలు పడటం ఆగిపోయేది. ఎంత కొట్టినా తెర మీద ఏమీ రాదు. మీటను గట్టిగా నొక్కి పట్టుకుంటే ఒక్క అక్షరం పడేది. ఈలోపు నాయన మూడు వరసలు ముందుకు వెళ్లిపోయేవాడు. మళ్లీ వెనక్కి రమ్మంటే రాగం తెగిపోయి, మొదటి నుంచి ఎత్తుకునేవాడు.

తిరుపతిలో ఒక రిపేరు షాపుకు రెండుసార్లు మోసుకెళ్లాను. ఆ షాపాయనకు నా వయసే ఉంటుంది. మొదటిసారి ఆన్ చేసి, రెండు మాటలు కొట్టి, "కీబోర్డు బాగానే ఉండాది గదన్నా" అన్నాడు. మా ఇంట్లో పని చేయడం లేదన్నాను. "అయితే మీ ఇంట్లో ఏమో ఉండాదన్నా" అని నవ్వాడు. రెండోసారి లోపల చిన్న బ్యాటరీ ఒకటి మార్చి, పాతదైపోయింది కొత్తది కొనుక్కోండి అన్నాడు. పద్నాలుగు నిమిషాలు ఎందుకు పడుతోందని అడిగాను. "స్లోగా ఉంటే అట్లనే పడుతాదన్నా." ఇది జవాబా? దుంగ బరువుగా ఎందుకుందని అడిగితే బరువుంది కాబట్టి అని నేను ఎవరికైనా చెబితే డిపోలో ఉంచుతారా?

మరి కాగితం మీద రాసుకోవచ్చు కదా అని మీరు అడుగుతారు. సుగుణ ఇరవై నాలుగు రోజులూ అడిగింది. "ఆ పెట్టి యాడన్నా పోనీండి. నోటుబుక్కు ఎత్తుకోని రాసుకోకూడదా?" ఒకసారి రాసి మళ్లీ కొట్టడమంటే ఒకే పని రెండుసార్లు అని నా జవాబు. పైగా గడుల్లో కొడితే ప్రతి వరసనూ కంప్యూటరే వెంటనే సరిచూస్తుంది. నాయన 240 వరసల్లో ఒక్క తప్పు కూడా చెప్పలేదు. సరిచూడటానికి ఏమీ లేకపోయింది. అది కూడా నాకు తర్వాతే తట్టింది.

ఫోనులో రికార్డు చేయబోతే నాయన దాన్ని చూసి, "ఎవురప్పా లైన్లో? అన్నం తిన్యారా?" అని అడిగి, అవతలి వాళ్ల జవాబు కోసం ఎదురు చూస్తూ కూర్చున్నాడు. ఆ ఉదయమంతా అలాగే పోయింది.

అలా గింజుకుంటూనే ఇరవై మూడు ఉదయాల్లో పదిహేను ఎక్కాలు ఎక్కించాను. ఒక్కో ఎక్కానికి ఒక్కో పేజీ. ఆయన లాభం అన్నచోట నేను 1 అని కొట్టాను. అన్నీ అంకెల్లోనే, శుభ్రంగా. మిగిలింది ఏడో ఎక్కం. దాని వంతు వచ్చినప్పుడు నాయన, "దాన్ని కడాకు సెప్తాలే" అని దాటేశాడు. నేను ఆ పేజీ పైన 7 అని వేసి ఖాళీగా ఉంచాను.

ఇరవై నాలుగో ఉదయం సంగతి నోటుబుక్కులో చూసి రాస్తున్నాను. మొదటి రోజు నుంచే నేను కంప్యూటర్ లేచే టైము రాసి పెట్టేవాణ్ణి, రిపేరాయన ముఖాన కొట్టడానికి. ఆ రోజు 6.41కి ఆన్ చేశాను. 6.44కి నల్లని తెర మీద తెల్లని ఇంగ్లీషు అక్షరాలు వచ్చి ఆగిపోయాయి. దాని అర్థం ఇది: కీబోర్డు కనిపించలేదు. కొనసాగాలంటే ఎఫ్-వన్ మీట నొక్కండి.

కీబోర్డు లేదంటుంది. లేని కీబోర్డు మీద మీట నొక్కమంటుంది. ఇది రాసినవాడు ఎవడో, ఎక్కడున్నాడో, వాడి ఎదురుగా ఒక్క నిమిషం కూర్చోవాలని నాకు ఇప్పటికీ ఉంది. పదకొండుసార్లు నొక్కాను. లెక్కపెట్టాను కాబట్టి చెబుతున్నాను.

ఆ ఉదయం నాయన ఎప్పటికంటే చురుగ్గా ఉన్నాడు. మంచం మీద నిటారుగా కూర్చుని, "ఈ పొద్దు కడాది సెప్పేస్తారా. అడ్డం రావద్దు" అన్నాడు. నా జవాబు కోసం చూడలేదు. ఎత్తుకున్నాడు.

నేను టేబులు కింద దూరి వైరు పీకి వేరే చోట పెడుతున్నాను. ఆయన గొంతు వినిపిస్తోంది. మాటలు మాత్రం చెవికి ఎక్కలేదు. పైకి లేచి చూస్తే అదే తెర, అవే అక్షరాలు. 6.53 అని నోటుబుక్కులో రాశాను. రాసి, నాయన వైపు తిరిగి అరిచాను.

"కాసేపు నోరు మూసుకుంటావా నాయనా!"

వాకిట్లో సుగుణ గ్లాసు పట్టుకుని నిలబడిపోయింది. నాయన ఆగాడు. నా వైపు చూశాడు. కోపమేమీ లేదు.

"సరేలేరా. అది లేసినాక నన్ను లేపు."

అని గోడ వైపు తిరిగి పడుకున్నాడు.

అది లేవలేదు. 7.03కి ప్లగ్గు పీకేసి డిపోకు వెళ్లిపోయాను. పదకొండున్నరకు సుగుణ ఫోను చేసింది. అన్నానికి లేపబోతే నాయన లేవలేదని.

ఇప్పుడు నా కోపం ఎవరి మీదో చెబుతాను. నాయన ఏడో ఎక్కం చెబుతున్నంతసేపూ ఒక నోటుబుక్కు టేబులు మీద తెరిచి ఉంది. పెన్ను నా చేతిలో ఉంది. ఆ పెన్నుతోనే 6.44 అని రాశాను, 6.53 అని రాశాను. పెట్టె లేవని టైము నాకు నిమిషాలతో సహా ఉంది. మా నాయన చెప్పింది ఒక్క వరస కూడా లేదు.

పెద్దకర్మ అయిన మర్నాడు స్క్రూడ్రైవరు తీసుకుని ఆ కంప్యూటర్ ముందు కూర్చున్నాను. బాగు చేద్దామని కాదు. ఎందుకలా చేసిందో తెలుసుకుని, తర్వాత పగలగొడదామని. డిపోలో వాడకుండా పడేసిన ఒక కీబోర్డు తెచ్చి తగిలించాను.

చూస్తే, ఆన్ కాగానే వాటంతటవే మొదలయ్యే ప్రోగ్రాములు పంతొమ్మిది ఉన్నాయి. అందులో పదిహేను నేను పేరు కూడా ఎరగనివి. తీసేశాను. నిండిపోయిన పాత ఫైళ్లు తుడిచాను. లోపల రూపాయి బిళ్లంత బ్యాటరీ ఒకటి ఉంటుంది, గడియారం తప్పకుండా చూసేది. అది రిపేరాయన ఆ నెలలోనే మార్చాడు, బాగానే ఉంది. మళ్లీ ఆన్ చేస్తే ఒక నిమిషం యాభై సెకన్లలో లేచింది. మొత్తం పని ముప్పై అయిదు నిమిషాలు.

కీబోర్డు మొరాయింపు కూడా తేలింది. కుడివైపు షిఫ్ట్ మీటను ఎనిమిది సెకన్లు నొక్కి పట్టుకుంటే కంప్యూటర్ ఒక ప్రశ్న అడుగుతుంది. అవునంటే, ఆ తర్వాత చటుక్కున కొట్టిన అక్షరాలు తీసుకోదు. నాయన తర్వాతి వరస కోసం ఎదురు చూసేటప్పుడు నా చిటికెన వేలు ఆ మీట మీదే ఆనుకుని ఉండేది. ప్రశ్న వచ్చినప్పుడల్లా చదవకుండా, విసుక్కుంటూ ఎంటర్ కొట్టేవాణ్ణి. రిపేరాయన అన్న మాట నిజమే. మా ఇంట్లో ఏదో ఉంది. అది నా వేలు.

చివరి రోజు సంగతి ఇంకా తేలిక. పాత కీబోర్డు వైరు టేబులు కాలి కింద నలిగిపోయి ఉంది. పైతోలు కోసి చూశాను. లోపల నాలుగు తీగలుంటే రెండు పూర్తిగా తెగి ఉన్నాయి. అంటే ఆ ఉదయం దాని మీద ఎవరు ఏ మీట నొక్కినా కంప్యూటర్‌కు చేరే దారి లేదు. ఈ ముక్క గుర్తుంచుకోండి.

ఇక్కడిదాకా అన్నిటికీ కారణాలున్నాయి. నాకు కావలసిందీ అదే. తర్వాత ఎక్కాల ఫైలు తెరిచాను.

ఏడో పేజీ ఖాళీగా లేదు.

పైన నేను వేసిన 7 అలాగే ఉంది. దాని కింద తొమ్మిది వరసలు. అంకెల్లో కాదు, మాటల్లో. ఉన్నది ఉన్నట్టు ఎత్తి రాస్తున్నాను.

వీసం ఆరున్నొకట్లు కాలూ మూడు వీసాలు
అరకాలు ఆరున్నొకట్లు ముక్కాలూ అరకాలు
మూడు వీసాలు ఆరున్నొకట్లు లాభమూ కాలూ వీసం
కాలు ఆరున్నొకట్లు లాభమూ ముక్కాలు
కాలూ వీసం ఆరున్నొకట్లు రెండూ మూడు వీసాలు
కాలూ అరకాలు ఆరున్నొకట్లు రెండూ అరా అరకాలు
కాలూ మూడు వీసాలు ఆరున్నొకట్లు మూడూ వీసం
అర ఆరున్నొకట్లు మూడున్నర
అరా వీసం ఆరున్నొకట్లు వీసం తక్కువ నాలుగు

అంతే. కింద ఏడు గడులు ఖాళీ.

ఫైలు చివరిసారి మారిన టైము చూశాను. ఆ ఉదయం 6.52.

6.44 నుంచి 7.03 వరకు ఆ కంప్యూటర్ నల్లని తెర మీద ఆగిపోయి ఉంది. ఫైలు తెరవడం కాదు కదా, అసలు లేవనే లేదు. కీబోర్డు తీగలు తెగి ఉన్నాయి. మా కంప్యూటర్‌కు మైకు లేదు. సుగుణకు తెలుగులో కొట్టడం రాదు. ఇంట్లో నాలుగో మనిషి లేడు.

దుఃఖంలో నేనే కొట్టి మరిచిపోయానా అని కూడా ఆలోచించాను. నా మీద నాకు అంత నమ్మకమేమీ మిగల్లేదు. కానీ నేను లాభం అని కొట్టను. పదిహేను ఎక్కాల్లో ఎక్కడా కొట్టలేదు. తొమ్మిదో వరసను నా అంతట నేను లెక్క కడితే మూడూ ముక్కాలూ మూడు వీసాలు అని రాస్తాను. లెక్క రెండూ ఒకటే. మాట వేరు. వీసం తక్కువ నాలుగు అన్నది నాకు తట్టేది కాదు.

సుగుణను పిలిచి, చూపించకుండా అడిగాను. ఆ రోజు నేను అరిచినప్పుడు నాయన ఏ మాట దగ్గర ఆగాడని. "నాలుగు అన్నాడు. అంతలోకే మీరు అరిసినారు" అంది.

చిత్తూరు వెళ్లి, మండీలో నాయనతో పాటు మూటలు మోసిన ఒక పెద్దాయన్ను వెతికి పట్టుకున్నాను. కాగితం మీద తొమ్మిది వరసలూ చదివి వినిపించాను. ఆయన కళ్లు మూసుకుని విన్నాడు. తొమ్మిదో వరస దగ్గర నవ్వాడు.

"మీ నాయనే. ఇంకెవురన్నా అయితే మూడూ ముక్కాలూ అని లాగుతారు. ఆయప్పకు లాగేది నచ్చదు. వీసం తక్కువ నాలుగు. అయిపాయ."

మిగతావి చెప్పమని అడిగాను.

"నాకు యాడ వస్తాయప్పా? మేం మూటలు మోసేవాళ్లం. లెక్క ఆయప్పది. నువ్వు కొడుకువి గదా, నీకు సెప్పలేదా?"

చెప్పాడని, నేనే వినలేదని ఆయనతో అనలేకపోయాను.

మిగిలిన వరసలు నేను పూరించలేనా? పూరించగలను. కాగితం, పెన్ను ఉంటే అయిదు నిమిషాలు. అంకెలు ఎవరు వేసినా అవే వస్తాయి. ఎక్కడ లాగి చెప్పాలో, ఎక్కడ తక్కువ అని తిప్పి చెప్పాలో మాత్రం నాకు తెలియదు. అందుకే ముట్టుకోలేదు.

ఫైలును మూడు చోట్ల దాచాను. కంప్యూటర్ పగలగొట్టలేదు. ఇది ఎలా జరిగిందో తెలిసినవాళ్లు ఉంటే చెప్పండి, వింటాను. ఊరికే దయ్యమని మాత్రం చెప్పొద్దు. అదీ రిపేరాయన జవాబు లాంటిదే.

రోజూ 6.41కి ఆన్ చేస్తాను. ఒక నిమిషం యాభై సెకన్లు. ఎప్పుడైనా అయిదు సెకన్లు అటూ ఇటూ. ఏడో పేజీ తెరిచి, చేతులు ఒళ్లో పెట్టుకుని, మంచం వైపు తిరిగి చెబుతాను. "నాయనా, లేసింది." పక్కన నోటుబుక్కు తెరిచి ఉంటుంది. అందులో ఇప్పుడు టైములు రాయడం లేదు.

ఇరవై అయిదు నిమిషాలు కూర్చుని డిపోకు వెళతాను. ఈ ఉదయం వరకూ లెక్క మారలేదు. వరసలు పదహారు. వచ్చినవి తొమ్మిది. ఇంకా రావలసినవి ఆరున్నొకటి.